పథ్యానికి బ్రెడ్డు

మా వైపు అన్నం తింటే భోజనం, గోధుమ తింటే పథ్యం. పామర్రు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా ఒక ఇంట్లోంచి చపాతీలు కాలుతున్న వాసన వచ్చిందంటే, దారిన పోయేవాళ్ళు ఆగి, ఎవరికండీ బాగాలేదు అని అడిగేవాళ్ళు. షుగరున్న పెద్దాయనో, జ్వరం తగ్గి లేచిన పిల్లాడో ఇంట్లో ఉంటే తప్ప పెనం మీద గోధుమపిండి కాల్చడం దండగని మావాళ్ళ నమ్మకం. నాకు ఇరవై మూడేళ్ళొచ్చేదాకా నేనూ అలాగే పెరిగాను. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. మధ్యలో ఆకలేస్తే అటుకులు, అవీ బియ్యమే. ఆ ఇరవై మూడేళ్ళలో నాకు కడుపనేది ఒకటుందని గుర్తుచేసుకోవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

డెబ్బైల మొదట్లో విజయవాడలో ఒక ఆడపిల్లల స్కూల్లో నాకు సైన్సు టీచరుద్యోగం వచ్చింది. మా నాన్న మా ఊళ్ళో మిషన్ బడి పంతులు. కూతురు టౌన్లో టీచరైందని ఆదివారం చర్చిలో లేచి నిలబడి దేవుడికి స్తోత్రం చెప్పి, మర్నాడే నన్ను తీసుకొచ్చి ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ హాస్టల్లో చేర్పించాడు. అప్పుడు బియ్యానికి కటకటగా ఉండేది. రేషన్లో గోధుమలు మాత్రం ధారాళంగా దొరికేవి. మా వార్డెన్ గారు ఈ సదుపాయాన్ని ఒక సంస్కరణగా మార్చింది. పొద్దున గోధుమరవ్వ ఉప్మా, రాత్రి చపాతీ, మధ్యాహ్నం మాత్రం మా మీద జాలితో గరిటెడు అన్నం. అన్నం తిని మత్తుగా పడుండే జాతిని మేల్కొల్పాలని ఆవిడ పట్టుదల. మిగతావాళ్ళ సంగతేమో గానీ నేను మాత్రం బాగానే మేల్కొన్నాను. రోజుకి ఐదారుసార్లు చెంబు పట్టుకుని లేచేదాన్ని.

తిన్న అరగంటకల్లా పొట్ట ఉబ్బేది. తర్వాత మెలిపెట్టి నొప్పి, ఆ తర్వాత నీళ్ళ విరేచనాలు. నోట్లో పూత, దువ్వెన నిండా జుట్టు, బోర్డు ముందు పది నిమిషాలు నిలబడితే కాళ్ళలో వణుకు. నడుము సన్నబడుతున్నకొద్దీ చీరకి కుచ్చిళ్ళు పెరుగుతూ వచ్చాయి. తోటి టీచర్లు అది కొత్త ఫ్యాషనేమో అనుకుని నన్ను చూసి తామూ రెండు కుచ్చిళ్ళు ఎక్కువ పెట్టుకున్నారు.

వేసవి సెలవులకి మా ఊరు వెళ్ళాను. మూడు వారాలు గడిచేసరికి బుగ్గలొచ్చాయి. ఇంట్లోవాళ్ళంతా కూర్చుని ఆలోచించి, విజయవాడ నీళ్ళు పడలేదని తేల్చారు. మా కోస్తా జిల్లాల్లో నీళ్ళు పడకపోవడం ఒక పెద్ద రోగం. దానికి మందు సొంత ఊరి నీళ్ళు. స్కూళ్ళు తెరిచాక మా నాన్న కాలవ నీళ్ళు కాచి, వడపోసి, తగరపు డబ్బాలో పోసి, వారం వారం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాడు. కృష్ణ నీళ్ళు విజయవాడ ఆనకట్ట దగ్గర కాలవలో పడి మా ఊరొస్తాయి. ఆయన వాటిని తిరుగు బస్సెక్కించి విజయవాడ పంపేవాడన్నమాట. పిల్లలకి భూగోళం చెప్పే మనిషి. ఈ మాటే నేనంటే, అక్కడ అవి పచ్చి నీళ్ళు, మన ఊరొచ్చేసరికి నెమ్మదిస్తాయి అన్నాడు. ఆ నెమ్మదించిన నీళ్ళు తాగుతూ ఉప్మా, చపాతీలు తిని నేను మళ్ళీ మంచమెక్కాను.

అప్పుడు మా అమ్మ రంగంలోకి దిగింది. భవానీపురంలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని, నాన్నని ఊళ్ళో వదిలేసి, కూతుర్ని తన చేతిలోకి తీసుకుంది. నలభై ఎనిమిది కిలోలుండేదాన్ని నలభైకి దిగాను. తూకం చూసిన రోజు, దీన్ని చావనివ్వను అని మా అమ్మ నాన్నతో ఒకే ఒక్క మాట అంది. మూడేళ్ళపాటు మా ఇంట్లో జరిగిందంతా ఆ మాట నిలబెట్టుకోవడానికే జరిగింది. నేను చస్తానా బతుకుతానా అన్నది ఒక్కటే ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకుని మేమిద్దరం గవర్నర్‌పేటలో డాక్టర్ల బోర్డులన్నీ చదివాం.

మొదటి డాక్టరు గారిది అమీబా సిద్ధాంతం. కృష్ణకి ఇటుపక్క పుట్టిన ప్రతివాడి కడుపులోనూ అది కాపురముంటుందని, దాన్ని ఖాళీ చేయించడానికే తాను వైద్యం చదివానని చెప్పాడు. ఆయనిచ్చిన మాత్రలు వేసుకుంటే నోరంతా ఇత్తడి చెంబు నాకినట్టుండేది. రోజూ విరేచనం సీసాలో పట్టి తెమ్మన్నాడు. మాత్రలతో పాటు పథ్యం కూడా రాశాడు. అన్నం బరువు, ఈ పేగులు మోయలేవు, బ్రెడ్డూ పాలూ ఇవ్వండి అన్నాడు. ఆ చీటీని మా అమ్మ బైబిల్లో పెట్టుకుంది.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో అన్నం అమ్మ ఒక్కదానికే. నాకు బేకరీ నుంచి మైనం కాగితంలో చుట్టిన బ్రెడ్డు వచ్చేది. అమ్మ పాలు కాచి, పంచదార వేసి, అంచులు అరగవేమోనని వాటిని తుంపేసి, మిగతా మెత్తటి ముక్క పాలల్లో నానబెట్టి, తన చేత్తో నా నోట్లో పెట్టేది. ఇరవై నాలుగేళ్ళ టీచర్ని, పసిపిల్లలా నోరు తెరిచేదాన్ని. తినకపోతే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేవి, తింటే నా కడుపులో తిరిగేవి. ఏది తేలికో అదే చేశాను, తిన్నాను.

నాలుగు నెలలయ్యాక రెండో డాక్టరు. ఆయన అమీబాని నమ్మలేదు, లివరని అన్నాడు. బ్రెడ్డు చాలదు, బార్లీ జావ పట్టించండి, గోధుమరవ్వ పాలల్లో ఉడికించి ఇవ్వండి, రాత్రికి నూనె లేని పుల్కాలు రెండు అన్నాడు. అన్నం సంగతి అడిగితే చేత్తోనే వద్దన్నాడు. ఒక్క విషయంలో మాత్రం విజయవాడ డాక్టర్లందరిదీ ఒకటే మాట. రోగం ఏదో ఎవరికీ తెలియదు గానీ, అన్నం పెట్టకూడదని మాత్రం అందరికీ తెలుసు.

దానికి తోడు పరామర్శలు. మా చర్చి సంఘంలో జబ్బు మనిషిని చూడ్డానికి ఎవరూ వట్టి చేతులతో రారు. ఒక బ్రెడ్డు, ఒక మాల్టు పొడి సీసా, నాలుగు బత్తాయిలు. వచ్చి మంచం పక్కన కూర్చుని, కీర్తన పాడి, ప్రార్థన చేసి, నేను ఆ బ్రెడ్డులో ఒక ముక్కన్నా తినేదాకా కదిలేవాళ్ళు కారు. బ్రెడ్డు తింటే జబ్బు పెరిగేది. జబ్బు పెరిగిందని తెలిస్తే ఇంకా ఎక్కువమంది వచ్చేవాళ్ళు. మా అటక మీద మాల్టు సీసాలు వరసగా పేరుకున్నాయి. అమ్మ ఖాళీ సీసాలు శుభ్రంగా కడిగి, డాక్టరు గారి పరీక్షకి పట్టుకెళ్ళడానికి వాడేది.

క్షయేమోనని ఎక్స్‌రే తీశారు, కాదన్నారు. రక్తం లేదని ఇంజెక్షన్లు పొడిచారు, కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. స్కూల్లో సెలవులన్నీ అయిపోయి, జీతం లేని సెలవు పెట్టాను. మూడో డాక్టరు పెద్ద పేరున్నవాడు. నా కాగితాలు తిరగేసి, నాలుక చూసి, నన్ను బయట కూర్చోమని మా అమ్మతో విడిగా మాట్లాడాడు. పలచటి గోడ, అంతా వినిపించింది. ఇది నరాల బలహీనతనీ, చదువుకున్న పిల్లలు ఎక్కువ ఆలోచిస్తారనీ, పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయనీ చెప్పాడు.

మా అమ్మ వినయంగానే అడిగింది. "పెళ్ళయినవాళ్ళెవరూ మీ దగ్గరికి రారాండీ?"

బయట బెంచీల మీద మంగళసూత్రాలతో, కడుపు పట్టుకుని పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. ఆయనకి కోపమొచ్చి, టానిక్కు రాసి పంపేశాడు. కానీ ఆ మాట ఊరికే పోలేదు. నాది జబ్బు కాదు మనసని, ఉద్యోగం చెయ్యబుద్ధి కాక వేస్తున్న వేషమని స్కూల్లో అనుకోవడం మొదలైంది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఒకరోజు ఇంటికొచ్చి, మనసు గట్టి చేసుకోమ్మా అని నాకో బ్రెడ్డిచ్చి వెళ్ళింది. ఒళ్ళు మండిపోయింది నాకు. కడుపు నాది, నొప్పి నాది, దాని మీద తీర్పు మాత్రం ఊరందరిదీ.

ఆ ఏడు శ్రమకాలం వచ్చేసరికి ముప్ఫై ఆరు కిలోలున్నాను. డాక్టర్ల మాట ఇన్నాళ్ళు విన్నాం, దేవుడి మాట నలభై రోజులు విందాం అని మా అమ్మ నన్ను ఊరికి తీసుకుపోయింది. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ మా సంఘంలో ఉపవాస ప్రార్థనలు చేసేవాళ్ళు. మాంసం, కాఫీ, బజారు తిండి ఏదీ ముట్టకూడదు. బ్రెడ్డూ, మాల్టూ, పుల్కాలూ విలాసాల కింద లెక్క. పొద్దు వాలాక బియ్యం గంజీ ఉప్పూ, అంతే. జబ్బు మనిషిని కాబట్టి నాకు మూడు పూటలా తాగే మినహాయింపు ఇచ్చారు.

రెండో వారానికి పొట్ట దిగింది. నాలుగో వారానికి విరేచనాలు కట్టాయి. ఐదో వారంలో నేను చర్చిదాకా ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచాను. చూసినవాళ్ళు ఏడ్చారు. ఈస్టరు ఆదివారం మా అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. ఏయే డాక్టరు ఏమన్నాడో, ఎవరివల్లా కానిది ప్రార్థన వల్ల ఎలా అయిందో ముప్పావు గంట చెప్పింది. అమీబా భాగం దగ్గర చర్చంతా నవ్వింది. నేను కూడా సంతోషంగా పాట పాడాను.

ఇక కృతజ్ఞతలు మొదలయ్యాయి. ఒకరు కేకు తెచ్చారు, ఒకరు గోధుమ హల్వా తెచ్చారు, గుడివాడ నుంచి ఎవరో బిస్కెట్ల డబ్బా పంపారు. ప్రార్థించినవాళ్ళ చేతి ముక్క కాదనకూడదు గనక అందరిదీ తిన్నాను. పదో రోజుకి మళ్ళీ మంచం, మళ్ళీ చెంబు.

సంఘ పెద్దలు ముగ్గురొచ్చారు. విశ్వాసం సడలిందేమో చూసుకోమన్నారు. ఒప్పుకోని పాపమేదైనా లోపల ఉంటే స్వస్థత నిలవదన్నారు. నేను నా పాపాలన్నీ వెతికాను. పరీక్ష పేపర్లు దిద్దకుండా మార్కులు వేసిన సంగతి ఒకటి దొరికింది గానీ, దానికి ఇంత శిక్ష ఎక్కువనిపించింది. మా అమ్మ, అయితే ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటానండీ అంది. ఒకసారి చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకునే పద్ధతి లేదని వాళ్ళు చెప్పారు. వాళ్ళు వెళ్ళాక మా అమ్మ పాలు కాచి బ్రెడ్డు నానబెట్టింది.

ఇక్కడ ఊరందర్నీ ఆడిపోసుకుని నేను తప్పుకుంటే న్యాయం కాదు. నేను సైన్సు టీచర్ని. పరిశీలన, ప్రయోగం, ఫలితం అని ఏటా ఎనిమిదో తరగతి బోర్డు మీద రాసిన మనిషిని. నలభై రోజుల ప్రయోగం నా కడుపులోనే జరిగింది. గంజి తాగితే తగ్గింది, కేకు తింటే వచ్చింది. అది నాకు కనిపించలేదు. జబ్బు మనిషికి బ్రెడ్డు మంచిదన్నది నాకు పాఠ్యపుస్తకం కన్నా ముందే తెలిసిన సత్యం, దాన్ని అనుమానించాలని ఎలా తోస్తుంది?

ముప్ఫై నాలుగు కిలోలకి దిగాక మొదటి డాక్టరే భయపడి, మద్రాసు అవతల ఒక పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాడు. రైల్లో నన్ను అమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళింది. అక్కడ మూడు రోజుల విరేచనాలు డబ్బాలో పట్టి తూచారు. నాకన్నా దానికే ఎక్కువ మర్యాద జరిగింది. అయినా ఏదీ తేలలేదు. అప్పుడొచ్చింది ఒక చిన్న డాక్టరమ్మ. చిత్తూరు వైపు మనిషి, తమిళం కలిసిన తెలుగు. స్టూలు లాక్కుని కూర్చుని, ఈ మూడేళ్ళూ రోజూ ఏం తిన్నారో చెప్పండి అంది.

మూడేళ్ళలో నా విరేచనం గురించి అడగని డాక్టరు లేడు, భోజనం గురించి అడిగిన డాక్టరు లేడు. నేను నోరు తెరిచేలోగా మా అమ్మ అందుకుంది. ఇది తనకి పెట్టిన పరీక్ష అనుకుంది. పొద్దున గోధుమరవ్వ జావ, పదింటికి మాల్టు పాలు, మధ్యాహ్నం బ్రెడ్డు, సాయంత్రం బార్లీ, రాత్రి రెండు పుల్కాలు అని వరసగా ఒప్పజెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూ పోయింది.

"మరి అన్నం?" అంది.

"అయ్యో, ఎందుకు పెడతానండీ? డాక్టర్లు వద్దన్నాక ఒక్క మెతుకు తగలనివ్వలేదు" అంది అమ్మ గర్వంగా. అబద్ధమాడే మనిషి కాదు కాబట్టి మళ్ళీ, "ఉపవాసాల్లో మాత్రం నలభై రోజులు గంజి తాగిందండీ. అప్పుడు బాగానే ఉంది. అది ప్రార్థన వల్ల" అంది.

డాక్టరమ్మ కలం మూసేసింది.

ఆవిడ అనుమానం విని ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు కొట్టిపారేశాడు. గోధుమ పడని జబ్బు తెల్లవాళ్ళకొస్తుంది, మహా అయితే పంజాబు వాళ్ళకొస్తుంది, అన్నం తినే జాతికి రాదన్నాడు. అన్నం తినే జాతిలో పుట్టినదానికి మూడేళ్ళుగా అన్నమే లేదన్న సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. డాక్టరమ్మ పట్టు వదల్లేదు. సన్నటి గొట్టం చివర చింతగింజంత బిళ్ళ కట్టి నా చేత మింగించారు. అది పేగులోకి దిగి అక్కడ చిన్న ముక్క కత్తిరించుకుని వస్తుందట, వచ్చింది. పేగు లోపలివైపు మెత్తటి నూగులాంటిది ఉండాలి, అదే తిన్నదాన్ని ఒంటికి పట్టిస్తుంది, నాది మొత్తం రాలిపోయి నున్నగా అయిపోయిందని ఆవిడ నాకు కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. మర్నాడు పెద్ద డాక్టరు పదిహేను మంది విద్యార్థుల్ని వెంటేసుకొచ్చి, నన్ను వాళ్ళకి చూపించి, మీ పూర్వీకులది పంజాబా అని అడిగాడు.

"మావాళ్ళు గుడివాడ దాటి ఎరగరండీ" అంది మా అమ్మ.

వైద్యం ఏమిటంటే, గోధుమ, బార్లీ, బార్లీతో చేసే మాల్టు జన్మలో ముట్టకూడదు. మరి ఏం తినాలి అంటే, అన్నం తినండి అంది డాక్టరమ్మ. మూడేళ్ళు, నలుగురు డాక్టర్లు, మూడు వందల మాత్రలయ్యాక తేలిందిది. ఆసుపత్రిలోనే మూడు వారాలు అన్నం తిన్నాను. పొట్ట నిమ్మళించింది, రెండు కిలోలు పెరిగాను. నేను బతుకుతానని అప్పుడు నమ్మకం కుదిరింది. చిన్నపిల్లలా దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

మా అమ్మకి మాత్రం ఇది కొత్త పథ్యంలాగే అనిపించింది. ఆ డాక్టర్లు అన్నం వద్దన్నారు, ఈ డాక్టరు గోధుమ వద్దంటోంది, అంతే. హాయిగా మూట కట్టుకుని రైలెక్కింది. మధ్యాహ్నం గూడూరు స్టేషన్లో పెరుగన్నం పొట్లాలు రెండు కొని, చెయ్యి కడుక్కుని, ఆకు విప్పుతూ, ఇంతకీ నీ జబ్బు దేనివల్ల వచ్చిందిట అని అడిగింది.

చెప్పకుండా ఉండాల్సింది. కానీ మూడేళ్ళు అందరూ నా మీద పెట్టిన నింద పోయిందన్న సంబరంలో ఉన్నాను. గోధుమే జబ్బు, వేరే జబ్బేదీ లేదు అని చెప్పేశాను. బ్రెడ్డు, బార్లీ, మాల్టు, పుల్కాలు, తిన్నప్పుడల్లా అవి లోపల పేగుని గీకేశాయి, ఉపవాసాల్లో మానాను గనక తగ్గింది అని, పాఠం చెప్పినట్టు చెప్పాను. పాఠం మధ్యలో అమ్మ ముఖం చూసి ఆగాను.

"హాస్టలు వాళ్ళు మొదలుపెట్టారు, డాక్టర్లు కానిచ్చారు. నీ తప్పేముంది ఇందులో?" అన్నాను.

"వాళ్ళు చెప్పారు. పెట్టింది నేను" అంది.

ఆకులో పెరుగన్నం కలిపి, ముద్ద చేసి, అలవాటుగా నా నోటి దగ్గరికి తెచ్చింది. తెచ్చిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"ఇది పెట్టొచ్చా?" అంది.

పుట్టిన దగ్గర్నుంచీ మా అమ్మ నన్నడిగి పెట్టడం అదే మొదలు. నేనే ఆవిడ చెయ్యి పట్టుకుని ముద్ద నోట్లోకి తీసుకున్నాను. నాకు ఒళ్ళు కుదుటపడింది, ఉద్యోగంలోకి తిరిగి వెళ్ళాను, నలభై ఎనిమిది కిలోలు దాటి యాభై అయ్యాను. అమ్మ ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికింది. ఆ ఇరవై ఏళ్ళూ నాకు మంచినీళ్ళిచ్చినా ముందు అడిగి, తర్వాతే ఇచ్చింది.